పెరట్లో ఏ కోర్టు వేయించుకోవాలి? డబ్బు ఎక్కడ పోతుంది, తలనొప్పి ఎక్కడ మొదలవుతుంది

ఇంటి వెనక కాస్త జాగా ఉన్నవాళ్లు కోర్టు మాట ఎత్తగానే ముందు అడిగేది ఏ రంగు బాగుంటుంది, ఏ బోర్డు కొనాలి, టైల్స్ మంచివా పెయింట్ మంచిదా అని. అవన్నీ ఆఖర్న చూస్కోవచ్చండీ. కోర్టు ఖర్చులో పెద్ద అంకె కంటికి కనపడని దానికే పోతుంది, అంటే మట్టి తవ్వడం, ఆ మట్టిని బయటికి పంపడం, కంకర పరిచి రోలర్ తిప్పడం, వాన నీళ్లు పోయే దారి చూడటం. గట్టి నేల కావాల్సిన ఆట ఏదైనా ఈ పని తప్పదు, మారేదల్లా ఎన్ని గజాల్లో చేయించాలి అన్నదే. కాబట్టి ఏ ఆట ఇష్టం అన్న ప్రశ్న కంటే ముందు రెండు ప్రశ్నలున్నాయి, మీ దగ్గర ఎన్ని గజాలు చదునుగా ఉన్నాయి, మామూలు పనిదినం సాయంత్రం మీ ఇంట్లో నిజంగా ఆడేది ఎంతమంది. రెండోదానికి ఆదివారం బంధువులొచ్చినప్పటి లెక్క చెప్పకండి, అది లెక్కలోకి రాదు.

గజాల లెక్క

పికిల్‌బాల్ (ప్యాడిల్ అనే గట్టి బ్యాట్‌తో ప్లాస్టిక్ బంతిని నెట్ మీదుగా కొట్టే ఆట) కోర్టు గీతల లోపల 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు కూడా సరిగ్గా అంతే, ఎందుకంటే 1965లో అమెరికాలో ఒక ఇంటి పెరట్లో పాత బ్యాడ్మింటన్ కోర్టు మీదే పికిల్‌బాల్ పుట్టింది. అయితే గీతల దాకా స్లాబ్ వేయించి ఆపేస్తే బంతి కోసం వెనక్కి పరిగెత్తినవాడు అంచు దిగి మడమ మెలిపెట్టుకుంటాడు, అందుకే పికిల్‌బాల్‌కి చుట్టూ వదిలే జాగాతో కలిపి కనీసం 60 అడుగులు, 30 అడుగులు అంటారు. అంటే 200 గజాలు.

టెన్నిస్‌కి అదే లెక్క వేస్తే గీతల లోపల 78 అడుగులు, 36 అడుగులు, చుట్టూ వదిలేదానితో 120 అడుగులు, 60 అడుగులు, మొత్తం 800 గజాలు. పికిల్‌బాల్‌కి సరిగ్గా నాలుగింతలు. 4 అంగుళాల మందం స్లాబ్ అనుకుంటే చిన్న కోర్టుకి సుమారు 17 క్యూబిక్ మీటర్ల కాంక్రీట్ పడుతుంది, టెన్నిస్‌కి 68. లారీకి 6 క్యూబిక్ మీటర్ల చొప్పున వస్తుందనుకుంటే మూడు లారీలు ఒకవైపు, పన్నెండు లారీలు ఇంకోవైపు. ఇక ఫెన్సింగ్, టెన్నిస్ కోర్టు చుట్టుకొలతే 360 అడుగులు, దాన్ని 10 అడుగుల ఎత్తున కట్టాలి, అసలు కంటే కొసరు ఎక్కువయ్యే బాపతు ఇదే.

బాస్కెట్‌బాల్ ఫుల్ కోర్టు 28 మీటర్లు, 15 మీటర్లు, ఇంటికి అనవసరం. హాఫ్ కోర్టు చాలు, జట్టుకి ముగ్గురు చొప్పున ఆడే త్రీ ఎక్స్ త్రీ ఆటకి వాడే కోర్టు 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల లోతు, ఇది కూడా లెక్క కడితే ఇంచుమించు 200 గజాలే వస్తుంది. ఇంకా తగ్గించాలంటే 30 అడుగులకి 30 అడుగులు, అంటే 100 గజాల్లో కూడా సరదాగా ఆడుకోవచ్చు, ఫ్రీ త్రో గీత బోర్డు నుంచి 15 అడుగులే కాబట్టి సుఖంగా సరిపోతుంది, త్రీ పాయింట్ గీత పైభాగం కూడా పడుతుంది, కాకపోతే రెండు మూలల్లో నుంచి వేసే త్రీలు మాత్రం పోతాయి. నాకైతే ఆ మాత్రం నష్టం పెద్దగా అనిపించదు.

వాలీబాల్ 18 మీటర్లు, 9 మీటర్లు, చుట్టూ 3 మీటర్లు వదిలితే 400 గజాలు దాటుతుంది, కానీ దీనికి కాంక్రీట్ అక్కర్లేదు, చదునైన గడ్డి నేల చాలు, పదిమంది ఒకేసారి ఆడొచ్చు. మనిషికింత అని లెక్కేస్తే అన్నిటికంటే చవక ఇదే. ఆ పదిమంది రోజూ దొరకాలి, అదీ సంగతి.

క్రికెట్ నెట్ వేరే జాతి. వికెట్‌కీ వికెట్‌కీ మధ్య 22 గజాలు, అంటే 66 అడుగులు, పైన బౌలర్ రనప్. వెడల్పు 12 అడుగులైతే చాలు కాబట్టి ప్రహరీ పక్కన సన్నగా పొడుగ్గా మిగిలిపోయిన జాగా, ఇంకే ఆటకీ పనికిరానిది, దీనికి సరిగ్గా సరిపోతుంది. పొడవంతా గట్టి నేల వేయక్కర్లేదు, బ్యాటింగ్ చేసే వైపు, బంతి పడే చోట మాత్రం గట్టిగా వేసి మీద మ్యాట్ పరిస్తే సరి, మిగతాది చదును చేసిన మట్టి ఉన్నా నడుస్తుంది. పైకప్పు నెట్ మాత్రం తప్పనిసరి, చాలామంది పక్కల మాత్రం కట్టి పైన వదిలేస్తారు, టాప్ ఎడ్జ్ తగిలిన మొదటి బంతి పక్కింటి అద్దం వెతుక్కుంటూ పోతుంది.

బ్యాడ్మింటన్ గురించి కొంచెం కటువుగానే చెప్తా

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది నిరాశపడేదీ ఇదే. ఈక షటిల్ బరువు 5 గ్రాములు అటూ ఇటూ, ఆకు కదిలే గాలి చాలు అది దారి తప్పడానికి. ఆరుబయట కోర్టు వేయించుకున్నవాళ్లు తెల్లవారుజామున, గాలి పడిపోయినప్పుడు కాసేపు ఆడుకుని మిగతా రోజంతా దాన్ని బట్టలారేయడానికి వాడుతుంటారు. సరే పైన షెడ్డు వేద్దాం అంటారు, అప్పుడది కోర్టు కాదు, భవనం. షటిల్‌ని వెనక గీత దాకా ఎత్తుగా లేపే క్లియర్ షాట్ తగలనంత ఎత్తు కావాలి, పెద్ద పోటీల్లో 12 మీటర్ల ఎత్తు అడుగుతారు, ఇంట్లో అంత కాకపోయినా మామూలు గోడౌన్ షెడ్డు ఎత్తు అయితే ప్రతి మూడో షాట్ రేకుకి తగులుతుంది. పైగా షెడ్డు అనగానే అనుమతులు, పునాదులు, గాలి ఒత్తిడి లెక్కలు మొదలవుతాయి, ఖర్చు కోర్టుకయ్యేదానికి కొన్ని రెట్లు అవుతుంది. గాలిలో ఆడటానికి బరువైన షటిల్‌తో ఎయిర్ బ్యాడ్మింటన్ అని ప్రపంచ సమాఖ్య 2019లో ఒకటి తెచ్చింది కానీ స్మాష్ కొట్టడం అలవాటైన వాళ్లకి ఆ రుచి దొరకదు. నా మాట వింటే బ్యాడ్మింటన్ పిచ్చి ఉన్నవాళ్లు దగ్గర్లో ఉన్న ఇండోర్ కోర్టుకి పోయి ఆడుకోండి, ఇంట్లో అదే కొలతల్లో పికిల్‌బాల్ గీయించుకుని బ్యాడ్మింటన్ గీతలు కూడా వేరే రంగులో వేయించుకోండి, గాలి లేని పూట దొరికితే అదృష్టం.

పికిల్‌బాల్‌తో వచ్చే గొడవ ఇంకోటి. పిట్ట కొంచెం కూత ఘనం. గట్టి ప్లాస్టిక్ బంతి గట్టి ప్యాడిల్‌కి తగిలినప్పుడు టప్ టప్ మని వచ్చే ఆ శబ్దం పెద్దదని కాదు, పదునుగా, ఆగకుండా, ఒక లయ లేకుండా వస్తుంది, అదే చెవికి చిరాకు. బాస్కెట్‌బాల్ దబదబా వినిపిస్తుంది నిజమే కానీ అది లోతైన శబ్దం, చాలామంది దానికి త్వరగా అలవాటు పడతారు. పక్కింటి పడకగది కిటికీకి పదడుగుల్లో పికిల్‌బాల్ కోర్టు వేయిస్తే మాత్రం ఆ ఇంటివాళ్లతో మాటలు ఆగిపోవడం ఖాయం. శబ్దం ఆపే షీట్లు ఫెన్సింగ్‌కి కట్టొచ్చు, శబ్దం తక్కువ చేసే ప్యాడిళ్లూ ఉన్నాయి, కానీ అన్నిటికంటే బాగా పనిచేసేది దూరమే.

పాడెల్ కూడా అడుగుతున్నారు ఈ మధ్య, టెన్నిస్ లాంటిదే కానీ గోడకి తగిలి వచ్చిన బంతిని కూడా ఆడే ఆట. 20 మీటర్లు, 10 మీటర్లు, చుట్టూ గట్టి గాజు గోడలు, ఇనుప మెష్. ఆట చాలా బాగుంటుంది, పెరట్లో వేయించడం మాత్రం దండగ అంటాను, గాజు ప్యానెళ్లు నిలబెట్టడానికి చుట్టూ అంచు అంతా గట్టి బీమ్ వేయాలి, తెలిసిన టీమ్ వచ్చి బిగించాలి, నలుగురు లేకపోతే ఆట లేదు. రేపు మనసు మారితే దాన్ని ఇంకో ఆటకి వాడుకునే దారి కూడా పెద్దగా లేదు.

ఇక నేల సంగతి

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే కాబట్టి ఎక్కువ చెప్తా. మీ మట్టి తడిస్తే ఉబ్బి ఎండితే నెర్రెలిచ్చే బంకమట్టి అయితే, లేదా గుంట పూడ్చి కొత్తగా నింపిన నేల అయితే, మామూలు 4 అంగుళాల స్లాబ్ ఎంత బాగా పోసినా ఒకటి రెండు వానాకాలాల్లో పగుళ్లు చూపిస్తుంది. నింపిన నేలని పొరలు పొరలుగా తడిపి రోలర్ తిప్పకుండా ఒకేసారి పోసి పైన చదును చేస్తే అది కిందికి దిగుతూనే ఉంటుంది. ఇలాంటి నేల ఉన్నవాళ్లు పై రంగుకి పెట్టే డబ్బు తగ్గించుకుని అయినా కింద పొరకి పెట్టాలి, అవసరమైతే ఒక ఇంజనీర్‌ని పిలిపించి మట్టి చూపించాలి, ఆ ఫీజు మొత్తం ఖర్చు ముందు పెద్ద లెక్కేం కాదు.

200 గజాల్లో 10 అంగుళాలు తవ్వారనుకోండి, 6 అంగుళాలు కంకరకి, 4 అంగుళాలు కాంక్రీట్‌కి. వచ్చే మట్టి 42 క్యూబిక్ మీటర్లు, తవ్వాక పొంగుతుంది కాబట్టి కుప్ప ఇంకా పెద్దదవుతుంది. ఇదంతా ఎక్కడ పోస్తారు? కొటేషన్లలో ఎక్కువగా దాటేసే లైన్ ఇదే. మట్టి తరలింపు కలిపి చెప్పారా విడిగానా అని అడగండి, అడగకపోతే పని సగంలో ఉండగా అడిగేది వాళ్లు. ఇంకోటి దారి. పక్క సందు నాలుగడుగులే ఉంటే లారీ రాదు, జేసీబీ రాదు, చిన్న మెషిన్ కూడా కష్టమే, అప్పుడు తోపుడు బండ్లతో మనుషులు మోయాలి, లేదంటే కాంక్రీట్ పంప్ తెప్పించి ఇంటి మీదుగా పైపు వేయాలి. జాగా ఒకటే, కొలతలు ఒకటే, కానీ ఈ సందు వల్ల ఇద్దరి ఖర్చులో బోలెడంత తేడా వస్తుంది.

తవ్వకముందే కింద ఏముందో తెలుసుకోండి, నీళ్ల పైపు, కరెంటు కేబుల్, సెప్టిక్ ట్యాంక్. సెప్టిక్ ట్యాంక్ మీద స్లాబ్ పోసేసి తర్వాత మూత కోసం కోర్టు మధ్యలో కట్ చేయించుకున్నవాళ్లని చూశాను. పెద్ద చెట్టు పక్కన వేయించేవాళ్లు కూడా ఆలోచించాలి, నీడ సుఖమే కానీ వేర్లు స్లాబ్‌ని లేపుతాయి, ఆకులు కుళ్లి పాచి పడుతుంది, తడి పాచి మీద జారితే తుంటి ఎముక వ్యవహారం.

వాలు. డెడ్ లెవెల్ కోర్టు కావాలని మేస్త్రీకి చెప్పకండి, అది తప్పు. పది అడుగులకి ఒక అంగుళం చొప్పున ఒకే వైపుకి వాలు ఉండాలి, 30 అడుగుల వెడల్పుకి 3 అంగుళాలు, ఆడేటప్పుడు అది తెలియదు కూడా. వాలు పొడవు వైపు కాకుండా అడ్డంగా ఇస్తే నెట్‌కి రెండువైపులా ఆడేవాళ్లకి సమానం. మధ్యలో ఎత్తు చేసి రెండు వైపులా వాలు ఇవ్వడం రోడ్డుకి బాగుంటుంది, కోర్టుకి కాదు. ఆ నీళ్లు పోయేది మీ డ్రెయిన్‌లోకే అయ్యుండాలి, పక్కవాళ్ల గోడ కిందికి పోయేట్టు చేశారో ఆట మొదలవకముందే తగాదా మొదలవుతుంది.

కాంక్రీట్ పోసినరోజే, గట్టిపడుతుండగా, 10 అడుగులకొకటి చొప్పున జాయింట్లు కోయించాలి, మందంలో నాలుగో వంతు లోతు, అంటే ఒక అంగుళం. కాంక్రీట్ ఎండుతూ కుంచించుకుపోతుంది, మనం గీత గీసి ఇవ్వకపోతే అదే తనకిష్టమైన చోట గీసుకుంటుంది. ఒక జాయింట్ సరిగ్గా నెట్ కిందికి వచ్చేలా చూసుకుంటే మరీ మంచిది. పైన అద్దంలా నున్నగా మెరిసేలా ఫినిష్ చేయించకండి, మేస్త్రీలు అదే గొప్ప అనుకుంటారు, కానీ యాక్రిలిక్ కోటింగ్ పట్టాలంటే చీపురు గీతల్లాంటి గరుకు ఉండాలి, కోటింగ్‌కి ముందు 28 రోజులు ఆగాలి. ఆ నెలరోజులు పిల్లల్ని ఆపడం మీ ఓపిక.

పైన ఏం వేయాలి

వట్టి కాంక్రీట్ వదిలేసి గీతలు గీసుకున్నా బాస్కెట్‌బాల్‌కి నిక్షేపంగా పనికొస్తుంది, మోకాళ్లకి కాస్త కఠినం, బంతి త్వరగా అరుగుతుంది, అంతే. డబ్బు తక్కువుంటే ఇక్కడ ఆగండి, కోటింగ్ వచ్చే ఏడాదైనా వేయించుకోవచ్చు, కింద పొర మాత్రం వచ్చే ఏడాది వేయించుకోలేరు కదా. యాక్రిలిక్ అంటే సన్న ఇసుక కలిపిన రంగు పొరలు, పట్టు బాగుంటుంది, బంతి బౌన్స్ సమానంగా వస్తుంది, టెన్నిస్‌కీ పికిల్‌బాల్‌కీ ఇదే సరైనది. ఎండ, వాడకం బట్టి నాలుగు నుంచి ఎనిమిదేళ్లకోసారి మళ్లీ వేయించాలి. కింద పగులు వస్తే పైన తప్పకుండా కనపడుతుంది, ఎంత పూడ్చినా.

ఒకదానికొకటి తగిలించుకునే ప్లాస్టిక్ టైల్స్‌కి నా ఓటు ఇల్లు మారే అవకాశం ఉన్నవాళ్లకి, స్లాబ్ పాతదై సన్న పగుళ్లున్నవాళ్లకి. పగుళ్లు కప్పేస్తాయి, నీళ్లు సందుల్లోంచి కిందికి పోతాయి కాబట్టి వాన వెలిసిన కాసేపటికే ఆడొచ్చు, ఒకటి విరిగితే ఒక్కటే మార్చుకోవచ్చు, మీరే కూర్చుని పరుచుకోవచ్చు కూడా. అయితే టైల్స్ అమ్మేవాళ్లు మట్టి మీద కూడా వేసేయొచ్చు అన్నట్టు మాట్లాడతారు, నమ్మకండి, కింద గట్టిగా చదునుగా లేకపోతే టైల్ ఊగుతుంది, బంతి ఒక్కోచోట ఒక్కోలా లేస్తుంది, నడుస్తుంటే టకటకమంటుంది. ఎండకి వ్యాకోచిస్తాయి కాబట్టి గోడకి ఆనించకుండా అంచుల్లో సందు వదలాలి, ముదురు రంగువి మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా తొక్కలేరు.

తారు వేయిస్తే మొదట్లో కాంక్రీట్ కంటే తక్కువలో అయ్యే చోట్లున్నాయి, కానీ ఎండకి మెత్తబడుతుంది, హూప్ (బాస్కెట్‌బాల్ రింగ్) స్తంభం బరువుకి దిగుతుంది, అంచులు విరుగుతాయి. టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి, క్రికెట్, ఫుట్‌బాల్‌కి మంచిది, బంతి బౌన్స్ కావాల్సిన ఆటలకి కాదు, పైగా బ్రష్ కొట్టడం, ఇసుక మళ్లీ నింపడం లాంటి పనులుంటాయి, అసలు పనే ఉండదని ఎవరైనా చెప్తే అమ్మేవాళ్లని అర్థం. ఇసుక వాలీబాల్ కోర్టుకి కనీసం 40 సెంటీమీటర్ల లోతు ఇసుక కావాలి, కింద నీళ్లు ఇంకే ఏర్పాటు కావాలి, రాత్రిపూట మీద పట్టా కప్పకపోతే వీధిలో ఉన్న పిల్లులన్నీ దాన్ని వాళ్ల సొంత మరుగుదొడ్డి అనుకుంటాయి. ఇదేం జోక్ కాదు.

మరి ఏది?

ఇంట్లో ఒక్కరో ఇద్దరో పిల్లలు, తోడు దొరకడం కష్టం అనుకుంటే కళ్లు మూసుకుని బాస్కెట్‌బాల్ హాఫ్ కోర్టు. ఒక్కడే ఉన్నా గంట ఆడుకోగల ఆట ఇది, టెన్నిస్‌కైనా పికిల్‌బాల్‌కైనా రెండో మనిషి కావాల్సిందే, గోడ మీద కొట్టుకోవడం రెండ్రోజుల్లో విసుగొస్తుంది. హూప్ మాత్రం నేలలో పాతినదే తీసుకోండి, ఎత్తు పైకీ కిందికీ జరుపుకునే వీలున్నది, 10 అడుగుల ఎత్తు చిన్నపిల్లలకి అందదు కాబట్టి. నీళ్లో ఇసుకో నింపిన బేస్ మీద నిలబెట్టే పోర్టబుల్ హూప్ చవకే కానీ వేలాడే అలవాటున్న కుర్రాళ్లుంటే మీద పడుతుంది. సాయంత్రం ఆడేవాళ్లు హూప్‌ని పడమర వైపు పెట్టకండి, షాట్ వేసే ప్రతిసారీ సూర్యుడు కళ్లలో ఉంటాడు. నెట్ ఆటలకైతే పొడవు ఉత్తరం దక్షిణంగా ఉండాలి, అదీ ఇందుకే.

దంపతులిద్దరూ ఆడతారు, సాయంత్రాలు స్నేహితులొస్తారు, పక్కిళ్లు కాస్త దూరం, అప్పుడు పికిల్‌బాల్. బాస్కెట్‌బాల్, పికిల్‌బాల్ రెండూ కావాలంటే 60 అడుగులు, 36 అడుగుల స్లాబ్ ఒక్కటి వేయించి, అంటే 240 గజాలు, ఒక చివర హూప్, మధ్యలో తీసేసే నెట్ పెట్టుకుంటే రెండు ఆటలూ ఒక్క నేల మీదే అయిపోతాయి, నా దృష్టిలో డబ్బుకి అన్నిటికంటే న్యాయం చేసేది ఇదే. దీనికి నెట్ స్తంభాల గొట్టాలు కాంక్రీట్ పోయకముందే దించాలి, తర్వాత డ్రిల్ చేయిస్తే చుట్టూ పగులుతుంది. లైట్లు ఇప్పుడు వద్దనుకున్నా సరే ఖాళీ పైపులు స్లాబ్ కింద వేయించి వదిలేయండి, పైపుకి అయ్యేది నామమాత్రం, రేపు స్లాబ్ కోయడానికి అయ్యేది మాత్రం మామూలుగా ఉండదు. లైట్లు పెట్టినప్పుడు కిందికి చూసేలా, పక్కింట్లోకి వెలుతురు పోకుండా అంచు కప్పు ఉన్నవి తీసుకోవాలి.

టెన్నిస్ ఎవరికి అంటే, ఇంట్లో ఒకరు నిజంగా సీరియస్‌గా ఆడుతున్నారు, 800 గజాలు చదునుగా ఉంది, మళ్లీ మళ్లీ కోటింగ్ వేయించే స్తోమత ఉంది, అప్పుడే. సరదాకైతే వద్దు.

ఎవరికీ ఏదీ తేలట్లేదంటే ముందు పెద్దగా ఖర్చు లేని దారి ఉంది. రెండు స్తంభాల పోర్టబుల్ నెట్ ఒకటి కొని, కారు పెట్టుకునే జాగాలోనో గడ్డి మీదో టేపు గీతలు వేసి, ఒక వేసవి, ఒక వానాకాలం ఆడి చూడండి. మూడో నెలలో కూడా పిల్లలు వాళ్లంతట వాళ్లే నెట్ కడుతుంటే కోర్టు వేయించండి, మీరు పిలిస్తేగానీ రాకపోతే ఆ డబ్బుతో అద్దె కోర్టులో ఎన్నేళ్లు ఆడొచ్చో ఒకసారి కాగితం మీద భాగించి చూడండి, ఎక్కువ ఇళ్లలో ఆ అంకె చూశాక మాట మారుతుంది.

పని ఇచ్చేముందు

మీ స్థానిక అనుమతులు కనుక్కోవడం ముందు, అడ్వాన్స్ తర్వాత. సరిహద్దు నుంచి ఎంత వదలాలి, ఫెన్సింగ్ ఎంత ఎత్తు కట్టొచ్చు, లైటు స్తంభాలు పెట్టొచ్చా, కాంక్రీట్‌తో ఎంత శాతం జాగా కప్పొచ్చు, ఒక్కోచోట ఒక్కో రూల్. గేటెడ్ కాలనీ అయితే అసోసియేషన్ వాళ్లది ఇంకో రూల్ పుస్తకం.

మీరు చేసుకోగలిగినవి చేసుకోండి, గీతలు వేయడం, టైల్స్ పరచడం, నెట్లు కట్టడం, ఇవి వీకెండ్ పనులు. లెవెల్ తీయడం, కాంక్రీట్ పోయడం మాత్రం ఇంటి గచ్చు పోసే మేస్త్రీకి కాకుండా ఇంతకుముందు కోర్టు వేసినవాళ్లకే ఇవ్వండి, రెండు వానాకాలాలు గడిచిన వాళ్ల పాత కోర్టు ఒకటి వెళ్లి చూసి మరీ ఇవ్వండి, నిన్న పూర్తయినది ఎవరిదైనా బాగానే ఉంటుంది. కొటేషన్‌లో కంకర ఎన్ని అంగుళాలు, రోలర్ ఎన్ని పొరలకి, వాలు ఎంత, జాయింట్లు ఎక్కడ, పగులొస్తే ఎవరు బాగుచేయాలి, అన్నీ రాయించుకోండి. ఇక స్లాబ్ తయారయ్యాక, రంగు వేయకముందే, పైపు పెట్టి కోర్టంతా తడపండి, గంట ఆగి చూడండి, ఎక్కడైనా నాణెం మునిగేంత నీళ్లు నిలిచి ఉంటే అక్కడ సుద్దతో గుండ్రంగా గీయండి, ఆ గుంటలన్నీ సరిచేసి మళ్లీ తడిపి చూపించాకే ఆఖరి వాయిదా ఇస్తానని ఒప్పందంలో మొదటిరోజే రాయించండి.